గోడమీద గీత పెట్టుకో

చిన్నోడా,

నిన్న ఫోన్లో నీ మాట ముద్దముద్దగా వస్తుంటే నిద్రమత్తు అనుకున్నాను. నోరు పూసిందని మీ అమ్మ చెబితే గాని తెలియలేదు. "వేడి చేసిందిలే" అని నువ్వే తేల్చేశావట. మన ఇళ్లలో ఏ బాధకైనా ముందు వేడి మీదే కదా నేరం!

నీ వేడి ఏమిటో నాకు తెలుసు. పరీక్షలని నాలుగు రాత్రులు నిద్ర మానావు. గబగబా తింటూ బుగ్గ కొరుక్కున్నావు. పైగా పూటపూటా ఆవకాయ. పుండును పుట్టించింది అది కాకపోవచ్చు గానీ, మంట తగ్గనిస్తుందా? కొన్నాళ్లు జాడీకి మూత పెట్టు. పెరుగన్నం తిను, చల్లారిన జావ తాగు. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి రోజుకు మూడు నాలుగుసార్లు పుక్కిలించు. ఇలాంటి పూత వారం పదిరోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో, మందు వేసినా వేయకున్నా మానుతుంది. చిట్కాలన్నిటికీ అంత మంచి పేరు అందుకే వచ్చింది.

మాటిమాటికీ పూస్తుంటే మాత్రం దొరికిన బీకాంప్లెక్స్ మింగి ఊరుకోకు. డాక్టరును అడిగి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 ఎంతున్నాయో రక్తపరీక్ష చేయించు. నువ్వు గుడ్డు కూడా ముట్టవు. బీ12 ఆకుకూరల్లో దొరకదురా, పాలూ పెరుగూ అయినా మానకు.

మా నాయనమ్మ అడ్డపొగ తాగేది. మన శ్రీకాకుళం వైపు ఆడవాళ్లకు ఉండేది ఆ అలవాటు, చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకునేవారు. ఆమె అంగిట్లో తెల్లమచ్చ లేచింది. నొప్పి లేదు గనక ఎవరమూ పట్టించుకోలేదు. ముద్ద దిగని రోజున ఆసుపత్రికి తీసుకెళ్లాం, అప్పటికే ఆలస్యమైంది. మండే పుండుకు నేనంత జడవను గానీ, మండకుండా రోజుల తరబడి ఉండిపోయేదంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది.

నీ గదిలో కుర్రాడు గుట్కా నములుతాడన్నావు. వాడి నోట్లో మూడు వేళ్లు నిలువుగా పడుతున్నాయో లేదో చూడమను. పట్టకపోతే గుట్కాలోని వక్క నోటి లోపలి చర్మాన్ని బిగించేస్తున్నట్టే.

నీకు పూసింది సోమవారం అన్నావు. గోడమీద క్యాలెండర్లో ఆ తేదీ దగ్గర గీత పెట్టు. రెండు వారాలు దాటినా మానకపోతే దంతవైద్యుడికి చూపించు. నీది మానినా సరే, ఆ కుర్రాణ్ణి మాత్రం ఈ వారమే తీసుకెళ్లు.

మీ తాత