యంత్రభాష – మాతృభాష: ఇన్యుయిట్ బాలల విద్యలో ఒక నైతిక ప్రశ్న

విద్యాదానం ఎల్లవేళలా శ్రేయోదాయకమేనని భావిస్తాం. అయితే దాతకూ గ్రహీతకూ నడుమ అధికార సంబంధం ఉన్నప్పుడు ఆ దానం స్వభావం ఏమిటన్నది విచారణీయం. కెనడా ఉత్తర ప్రాంతంలోని ఇన్యుయిట్ బాలలకు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్పే ప్రయత్నాల ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1999 ఏప్రిల్ 1న ఏర్పడిన నునావుట్‌లో 25 జనావాసాలున్నాయి. వాటిని ఒకదానితో ఒకటి కలిపే రహదారులు లేవు. ఉన్న ఊరు విడువకుండా చేయగల వృత్తిని పిల్లలకు నేర్పడం మేలే కదా అన్నది సాంకేతిక విద్యను సమర్థించేవారి ప్రధాన వాదం. అది తోసిపుచ్చదగినది కాదు.

కానీ ఈ నేలపై బడికి ఒక చరిత్ర ఉంది. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి, సొంత భాష మాట్లాడితే దండించిన ఆశ్రమ పాఠశాలల విధానానికి కెనడా ప్రధాని 2008లో పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆనాడు కూడా చెప్పిన కారణం పిల్లల భవిష్యత్తే. కనుక కొత్త విద్య పట్ల పెద్దల సంకోచాన్ని అజ్ఞానంగా కాక, అనుభవం నేర్పిన జాగ్రత్తగా గ్రహించాలి.

ఇన్యుయిట్ సంప్రదాయంలో నైపుణ్యార్జనకు పిలిమ్మక్సార్నిక్ అని పేరు. పెద్దలు చేసేది చూసి, తాను చేసి, తప్పి, మళ్లీ చేసి నేర్చుకోవడం దాని సారం. ప్రోగ్రామింగ్ అభ్యసించే తీరూ ఇదే గనుక రెండింటికీ వైరుధ్యం లేదని వాదించవచ్చు. ఈ సామ్యం కొంతవరకే నిలుస్తుంది. ప్రోగ్రాములో దొర్లిన తప్పును చెరిపి తిరిగి రాయవచ్చు; సముద్రపు మంచు మందాన్ని తప్పుగా అంచనా వేసిన వేటగాడికి ఆ అవకాశం దక్కకపోవచ్చు. అందువల్ల అక్కడ నేర్చుకోవడమంటే ఏళ్ల తరబడి పెద్దల వెంట నడవడం. తెర ముందు గడిపే గంట ఆ నడకలోంచి కోసి తెచ్చిన గంట అయితే, లాభంతో పాటు నష్టాన్నీ లెక్కించాలి.

ఈ రెండు విద్యలూ కలిసే మార్గాలు లేకపోలేదు. 2012లో పంగ్నిర్టుంగ్‌లో ఆరంభమైన సంస్థ పింగువాక్. ఇనుక్టిటుట్ భాషలో ఆ పేరుకు ఆట అని అర్థం. అది ఆటల రూపకల్పన ద్వారా పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పింది. సానికిలువాక్ కేంద్రంగా రూపొందిన ‘సికు’ వేదికలో వేటగాళ్లు మంచు స్థితిగతులను తమ భాషాపదాలతోనే నమోదు చేస్తారు. ఆ సమాచారంపై హక్కు నమోదు చేసినవారిదే. ఇక్కడ యంత్రం వేటగాడి పదాన్ని నేర్చుకుంది.

ప్రచారంలో ఉన్న ప్రోగ్రామింగ్ భాషల ఆదేశపదాలు దాదాపుగా ఆంగ్లపదాలే. మాతృభాష ఇంటికీ, ఆంగ్లం జ్ఞానానికీ అన్న విభజన పిల్లల మనసులో మౌనంగా స్థిరపడే ప్రమాదం ఇందులో ఉంది. తెలుగు బోధకులకు ఇది అపరిచితం కాదు.

కాబట్టి ఈ విద్య నైతికతను నిర్ణయించేది పరికరాల సంఖ్య కాదు. ఏమి నేర్పాలో, ఏ భాషలో నేర్పాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించే అధికారం ఆ సమాజానికే ఉండాలి. వద్దనే హక్కు గ్రహీతకు లేనినాడు అది దానం అనిపించుకోదు.