గడప మీది కాపురం

ఎగువ అహోబిలం నుంచి భవనాశి ఏటి వెంట రాళ్లదారిన ఎక్కితే జ్వాలా నరసింహుని సన్నిధి వస్తుంది. అక్కడే రక్తకుండం అనే చిన్న నీటిగుంట. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక స్వామి చేతులు కడుక్కున్నది అందులోనేనని స్థలపురాణం. అంత ఉగ్రంలోనూ దేవుడు చేతులు కడుక్కోవడం మరిచిపోలేదన్నమాట.

కడుక్కోవాలి, సరే. ఎంతవరకు?

పతంజలి నియమాల్లో శౌచానికే మొదటి పీట వేశాడు. దానివల్ల సొంత ఒంటి మీదే రోత పుడుతుందని, ఇతరుల తాకిడి అక్కర్లేదనిపిస్తుందని కూడా చెప్పాడు. యోగికి అది వైరాగ్యానికి మెట్టు కావచ్చు. ఇళ్లలోకి వచ్చేసరికి మడి అయింది. తెలుగులో ‘అంటు’ అంటే తాకడం, అంటే మైల, అంటే రోగం కూడా. ఈ ఒక్క మాటతో ఎంతమందిని ఎన్ని తరాలు వాకిలి బయట నిలబెట్టారో తెలిసిందే.

చర్మం మాత్రం ఏనాడూ మడి కట్టుకోలేదు. 2009లో అమెరికాలో ఎలిజబెత్ గ్రైస్, జూలియా సెగ్రె బృందం 10 మంది ఆరోగ్యవంతుల ఒంటి మీద 20 చోట్ల నమూనాలు తీసి పరీక్షించింది. చెవి వెనక దాదాపు 15 రకాల బ్యాక్టీరియా కనిపిస్తే, ముంజేతి మీద 44. జిడ్డు ఊరే చోట కన్నా రాయలసీమ చేనులాంటి పొడినేల మీదే ఎక్కువ రకాల కాపురం!

ఈ కాపురస్థులేమీ ఊరికే కూర్చుని తినడం లేదు. క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ పేరు వింటే మొటిమలే గుర్తొస్తాయి గానీ, మచ్చలేని మొహాల మీదా అది ఉంటుంది. చర్మం ఊరించే జిడ్డును విరిచి కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. ఒంటి పైపొర కాస్త పులుపుగా, పీహెచ్ 5 దగ్గర నిలవడానికి ఆ ఆమ్లాలూ సాయపడతాయి. ఆ పులుపులో చెరుపు చేసే క్రిములు సులువుగా పెరగలేవు. స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్‌లో కొన్ని రకాలైతే ఏకంగా తమ దాయాది ఆరియస్‌ను చంపే పదార్థాలు తయారుచేస్తాయి. పుండ్లలో తరచు దొరికేది ఆ ఆరియసే. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. మొహం జిడ్డుగా ఉందని రోజుకు నాలుగుసార్లు తోమేవాళ్లకు చర్మం బిర్రబిగిసి మండేది అందుకే.

ఇక్కడ హిరణ్యకశిపుడి తపస్సు గుర్తుచేసుకోవాలి. భాగవతం ప్రకారం అతని మీద పుట్ట పెరిగింది, చీమలు చర్మాన్నీ మాంసాన్నీ తినేశాయి. బ్రహ్మ కమండలం నీళ్లు చల్లగానే బంగారు మేనితో లేచాడు. లేచి అడిగిందేమిటి? సృష్టిలో ఏ ప్రాణీ తనను చంపకూడదని! మేనిఛాయ దక్కగానే ముందు భయపడింది పక్క ప్రాణికే.

క్రిములన్నిటినీ చంపుతామనే సబ్బులు అమ్మేది ఆ వరాన్నే. 2016 సెప్టెంబరులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ట్రైక్లోసాన్‌తో సహా 19 రసాయనాలను అలాంటి సబ్బుల్లో వాడకూడదంది. మామూలు సబ్బూ నీళ్లకన్నా అవి మేలని కంపెనీలు రుజువు చేయలేకపోయాయి. ఇప్పుడు గాలి తిరిగి ‘మంచి బ్యాక్టీరియా’ క్రీములు వస్తున్నాయి. చాలావాటిలో బతికున్న బ్యాక్టీరియానే ఉండదు. నలుగుపిండే నయం అనిపిస్తుంది: పెసరపిండి జిడ్డును పీల్చుకుంటుంది, సబ్బంత క్షారమూ కాదు. అలాగని గరగరగా రుద్దితే పైపొర గీసుకుపోతుంది.

హిరణ్యకశిపుడి వరంలో నరసింహుడికి దొరికిన సందు గడప. లోపలా బయటా కానిచోట, మనిషీ మృగమూ కాని రూపం, ప్రాణమున్నవీ లేనివీ కాని గోళ్లు. చర్మమూ అలాంటి గడపే. పైపొర చనిపోయిన కణాలది, దాని మీద బతుకుతున్నవి పరాయి ప్రాణులు. ‘నా ఒళ్లు’ ఎక్కడ ఆగిందో, ‘బయట’ ఎక్కడ మొదలైందో అక్కడ గీత గీయడం కష్టం. భగవద్గీతలో తొమ్మిది వాకిళ్ల పట్టణమన్న దేహానికి గోడల పొడవునా వాకిళ్లే.

అహోబిలేశుడు కూడా గుడిలోనే మడిగా కూర్చోడు. చెంచులక్ష్మిని పెళ్లాడిన చెంచుల అల్లుడాయన. కనుమనాడు మొదలయ్యే పారువేటలో పల్లకెక్కి, నెలకు పైగా ఊరూరా దుమ్ములో తిరుగుతాడు.

భవనాశిలో మునిగి లేచిన భక్తుడి ఒంటి మీది కాపురాలు కొన్ని నీళ్లతో పోతాయి. వెంట్రుకల కుదుళ్లలో దాగినవి మిగులుతాయి. అతను ఒళ్లు తుడుచుకుని మెట్లు దిగుతుండగానే అవి నరసింహుడు స్తంభంలోంచి వచ్చినట్టు మళ్లీ పైకి వస్తాయి.