చీమ దాకా నడిచే కథ

ఏడు చేపల కథ మనందరికీ తెలుసు. ఎండని చేపను ఎందుకు ఎండలేదని అడిగితే గడ్డిమోపు మీద చెబుతుంది, గడ్డిమోపును అడిగితే ఆవు మీద. అలా అలా మాట చీమ దాకా పోతుంది. ఇది కూర్చుని వినే కథ కాదు, ఆడే కథ. బడిలోనో గ్రంథాలయంలోనో ఒక్కో పాత్ర పిల్లల్లో ఒక్కొక్కరికి ఇచ్చి చూడండి. అడిగే ప్రశ్న ‘ఎందుకు’ ఒక్కటే కాబట్టి, తెలుగు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లలూ తొందరగా గొంతు కలుపుతారు.

పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీల్లో పనికి బీహార్, ఒడిశాల నుంచి ఎన్నో కుటుంబాలు వచ్చాయి. బీహార్‌లోనూ ఇలాంటి కథ ఉంది. కొయ్యలో ఇరుక్కున్న పప్పుగింజ కోసం పిచ్చుక వడ్రంగిని, రాజును, ఏనుగును బతిమాలుతుంది. ఎవరూ కదలరు. అక్కడా కథ చీమ దాకా పోతుంది, చివరికి ఆదుకునేది ఆ చీమే! ఎంత ముచ్చటైన సంగతి!

టీచర్లూ, గ్రంథపాలకులూ, బీహార్ నుంచి వచ్చిన పిల్లల చేత ఆ పిచ్చుక కథ చెప్పించండి. మన పిల్లలు ఊఁ కొట్టాలి.