ఫోటో కింద నీ రాతే ఉండనీ

తల్లీ,

మొన్న నువ్వు చూపించిన ఆల్బమ్ నాకు బాగా నచ్చింది. నూకాలమ్మ జాతర, కనుమ నాడు బొజ్జన్నకొండ ఎక్కినప్పటి ఫోటోలు, శారద ఏటి గట్టు, మీ బాబాయి శుభలేఖ ముక్క, అన్నీ ఎంతో ఓపిగ్గా కత్తిరించి అతికించావు. అయితే ప్రతి ఫోటో కిందా కంప్యూటర్లో కొట్టి ప్రింటు తీసిన చీటీలు అంటించావు చూడు, నా బెంగ వాటి గురించే. వాటిని తీసేసి నీ చేత్తో రాయమ్మా.

"నా రాత కోడి గెలికినట్టుంటుంది తాతయ్యా" అంటావని తెలుసు. ఉంటే ఉండనీ. నువ్వు ప్రింటు తీసిన ఆ అందమైన అక్షరాలు కూడా ఒక మనిషి చేతివే. బాపు గారి చేతిరాతను చూసి తయారుచేసిన ఫాంటు అది. 1933లో నరసాపురంలో సత్తిరాజు లక్ష్మీనారాయణగా పుట్టిన ఆయన బొమ్మల పక్కన తన తీరులో తాను రాసుకుంటూ పోయిన రాత. బడిలో దిద్దించే గుండ్రటి రాత కాదు. అయినా తెలుగువాడెవడైనా ఒక్క చూపుకే పోల్చుకుంటాడు. ఆయన 2014లో వెళ్ళిపోయారు, ఆ రాత ఇంకా శుభలేఖల మీద కనిపిస్తూనే ఉంది. ఆ అక్షరాలంటే నాకూ ప్రాణమే. కానీ మీ బాబాయి పెళ్ళిలో బాపు గారు లేరు కదమ్మా, నువ్వున్నావు. ఆ శుభలేఖ ముక్క కింద ఉండాల్సింది నీ రాత.

మీ ముత్తాత లెక్కల పుస్తకం ఈసారి వచ్చినప్పుడు నీ చేతికిస్తాను, తీరిగ్గా చూడు. తుమ్మపాల ఫ్యాక్టరీకి తోలిన చెరకు బళ్ళు, ఇంటి దగ్గర వండిన బెల్లం, అనకాపల్లి మార్కెట్లో పలికిన ధర, కూలీలకిచ్చిన డబ్బు, అంతా గొలుసుకట్టు రాతలో ఉంటుంది. కలం ఎత్తకుండా రాసేవాడు మా నాన్న. 'బెల్లం' అన్న మాటలో లావొత్తు తోక పక్క మాట కిందిదాకా సాగిపోతుంది. ధర బాగా పడిపోయిన ఏడాది పేజీలు తిరగేసి వెనకవైపు వేలితో తడిమి చూడు. పాళీ ఎంత గట్టిగా నొక్కాడో వేలికి తగులుతుంది. ఆయనకున్న ఒక్కగానొక్క ఫోటోలో కోటు తొడుక్కుని స్టూడియో కుర్చీలో బిగుసుకుని కూర్చుని ఉంటాడు. మా నాన్న నాకు ఆ ఫోటోలో దొరకడు, ఈ పుస్తకంలో దొరుకుతాడు.

మన జిల్లాలోనే, ఎస్.రాయవరంలో, 1862లో పుట్టిన గురజాడ అప్పారావు గారు కూడా డైరీలు రాసుకున్నారు. కన్యాశుల్కం రాసిన అంతటి మనిషి రోజులు ఎలా గడిచాయో మనకు ఈనాడు తెలుస్తున్నదంటే ఆ రాసుకున్న కాగితాల వల్లే.

ఇక ఏం రాయాలంటావా? "మరపురాని రోజు" లాంటివి వద్దు. అవి ఏ ఫోటో కిందైనా సరిపోతాయి. జాతర ఫోటో కింద ఏ సంవత్సరం కొత్త అమావాస్యో రాయి. ఎడమ నుంచి కుడికి ఎవరెవరున్నారో పూర్తి పేర్లతో, వరసలతో రాయి. 'పెద్దమ్మ' అని ఒక్క మాటతో సరిపెడితే నీ పిల్లలకు ఆవిడెవరో తెలియదు. ఫోటో తీసింది ఎవరో తప్పకుండా రాయి, ఎందుకంటే తీసినవాళ్ళు అందులో ఎప్పుడూ ఉండరు. ఆ రోజు ఎవరు అలిగారో, ఎవరు రాలేకపోయారో అదీ రాయి.

నీ రాత బాగుండదనిపించడానికి ఒక కారణం నాకు కనిపిస్తోంది. ఫోన్లో తెలుగును కూడా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టీ కొట్టీ నీకు చెయ్యి తిరగడం మానేసింది. పైగా ఇరుకు రూళ్ళ మధ్య రాస్తున్నావు. మనకు గుడులు పైకి లేస్తాయి, వత్తులు కిందికి దిగుతాయి. చోటు లేకపోతే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఒక వరస విడిచి, నెమ్మదిగా రాయి. పేజీ పాడవుతుందని భయమైతే విడి కాగితం మీద రాసి, నచ్చినదాన్ని అంటించు. ఒక కొట్టివేత ఉన్నా పరవాలేదు.

పెన్ను విషయం మాత్రం జాగ్రత్త. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన ట్రంకుపెట్టెలోకి నీళ్ళు దిగాయి. నీలం సిరాతో రాసిన ఉత్తరాలు నీలపు మరకలయ్యాయి. మీ నాన్నమ్మ పెన్సిలుతో రాసుకున్న పద్దుల పుస్తకం ఎండబెడితే ఒక్క అక్షరం పోలేదు. పెన్సిలు గీతలోది గ్రాఫైటు, నీటికి కరగదు, ఎండకు వెలవదు. పెన్నే కావాలంటే పిగ్మెంట్ ఇంకు ఉన్న నల్లది కొనుక్కో. ఫోటో వెనక బాల్‌పెన్నుతో నొక్కి రాయకు, ముందువైపు గాట్లు తేలతాయి. సెల్లో టేపు అసలే వద్దు, కొన్నేళ్ళకు పసుపుపచ్చగా మారి కాగితానికి మరక పట్టిస్తుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆల్బమ్ తెచ్చుకో. అందులో ఒక పేజీ మీ పెద్దమామ్మకు వదిలిపెట్టు. ఆవిడకు తన పేరు రాయడం ఒక్కటే వచ్చు, అదీ కూడబలుక్కుని రాస్తుంది. చెయ్యి వణుకుతోంది కనుక లావుపాటి పెన్సిలు ఇచ్చి, కింద అట్ట పెట్టు. పొద్దున్న కాఫీ తాగాక కూర్చోబెట్టు, సాయంత్రానికి ఆవిడ చూపు ఆనదు. నువ్వు చెయ్యి పట్టుకుని రాయించకు, ఎంతసేపు పట్టినా ఆవిడనే రాయనీ. పక్కన తేదీ మాత్రం నువ్వు వెయ్యి.

మీ తాతయ్య
తుమ్మపాల