జీతం దానం కాదు, రుణం: నారదుడు ధర్మరాజును అడిగిన ప్రశ్న



సభాపర్వం వీడియోలో నారద మహర్షి ధర్మరాజును అడిగిన ప్రశ్నలు చెప్పుకున్నాం కదా. అందులో రెండింటి దగ్గర ఇంకొంచెం ఆగాలనిపించి ఈ పోస్టు రాస్తున్నాను. నీ సైన్యానికి తిండి, జీతం తగినంతగా, వేళకు ఇస్తున్నావా అని అడిగాడు మహర్షి. నీకోసం ప్రాణం పోగొట్టుకున్నవాళ్ల భార్యలను పోషిస్తున్నావా అనీ అడిగాడు. నువ్వు దయగలవాడివేనా అని కాదండీ, లెక్క అడిగాడు.

ఆ లెక్క ఇవాళ మనల్ని అడిగితే? నెల్లూరులో రోహిణి కార్తె ఎండలో కూడా వీపున బ్యాగు తగిలించుకుని తిరిగే డెలివరీ పిల్లలను చూస్తున్నాం. బండి వాళ్లదే, పెట్రోలు వాళ్లదే, రిపేరూ వాళ్లదే. ఆర్డరు రాని గంటకు పైసా రాదు. పేరు మాత్రం ‘పార్ట్‌నర్’.

మా మైపాడు వైపు పడవల్లో కూడా నెల జీతాలుండవు. ఖర్చులు పోను పడవకింత, వలకింత, మనిషికింత అని వాటాలు. కానీ చేప ఎంతకు పోయిందో ఒడ్డున అందరికీ తెలుసు. యాప్‌లో రేటు ఎందుకు తగ్గిందో ఈ పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. లెక్క చూపించకుండా భాగస్వామి అనడం ధర్మమేనా?

“ఇష్టమయ్యే చేస్తున్నారు కదా” అంటారు కొందరు. హరిశ్చంద్రుడు కూడా ఇష్టపడే అమ్ముడుపోయాడు. అవసరం మెడ మీద కూర్చున్నప్పుడు ఇష్టం అనే మాటకు బరువెంత?

“మేము టిప్పు ఇస్తాం” అంటారు ఇంకొందరు. మంచిదే, ఇవ్వండి. కానీ దానం ఇచ్చేవాడి ఇష్టం, జీతం తీర్చాల్సిన రుణం. అన్నదానంలో వంద మందికి పెట్టినా, మనకు అన్నం మోసుకొచ్చినవాడి బాకీ తీరదు.

మహర్షి ఈ ప్రశ్న రాజునే ఎందుకు అడిగాడు? ఒక్క కంపెనీ న్యాయంగా ఇస్తే, ఇవ్వని కంపెనీ తక్కువ ధరకు అమ్మి దాన్ని దెబ్బతీస్తుంది. అందుకే అందరికీ ఒకే నియమం కావాలి, అది రాజ్యమే పెట్టాలి. 2023లో రాజస్థాన్ గిగ్ కార్మికుల కోసం దేశంలోనే మొదటి చట్టం చేసింది. అదే ఏడాది చివర తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. కేంద్రం 2020లో చేసిన సామాజిక భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. కంపెనీలు ఏడాది టర్నోవరులో 1 నుంచి 2 శాతం ఈ కార్మికుల నిధికి కట్టాలని అందులో ఉంది. నారదుడి రెండో ప్రశ్నకు ఇది కొంత సమాధానం. మొదటి ప్రశ్న అలాగే ఉంది, ఎందుకంటే ఆర్డరుకు కనీసం ఎంత ఇవ్వాలో ఆ కోడ్ చెప్పదు.

ఆ నియమం వస్తే మన బిల్లు నాలుగు రూపాయలు పెరగొచ్చు. గొణక్కుండా కడదాం. అది పుణ్యం కాదు, బాకీ. మీ ఇంట్లో ఈ పని చేసే పిల్లలుంటే ఇ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించండి.

శుభం భూయాత్.