కమలిని మంచం కింద

గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చింది. తెలుగులో తొలి కథ ఇదా, 1902 నాటి భండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి'యా అన్న తగవు పండితులకు వదిలేద్దాం. అల్ ఖోబర్‌లో కాపురాలు చేసుకుంటున్న మనకు ఈ కథలో గుచ్చుకునేది వేరే ఉంది.

సానిపాట విని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కనబడదు. కన్నవారింటికి పోతున్నానని ఉత్తరం మాత్రం ఉంటుంది. ఆడదాని గొప్పతనం మీద నౌకరు రాముడికి ఉపన్యాసమిచ్చే ఆ పెద్దమనిషి గుండె జారిపోతుంది. చివరకు మంచం కింద నవ్వు, గాజుల చప్పుడు. మగవాళ్ళం హాయిగా నవ్వుకుంటాం. బుద్ధి చెప్పింది, ఇల్లు కదల్లేదు, ఇంకేం కావాలి?

ఈ ఊళ్ళో చదివినప్పుడు మాకు ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ ఉత్తరానికి బలం ఎక్కడిది? కమలిని నిజంగానే వెళ్ళిపోగలదని గోపాలరావు నమ్మాడు గనుక. ఇక్కడ అలాంటి ఉత్తరం కనబడితే భర్త తిన్నగా మంచం కిందే వెతుకుతాడు. అతని ఇకామా మీద ఉన్న భార్య దేశం దాటాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కావాలి. అబ్షర్‌లో దాన్ని తీయవలసింది ఆ భర్తే. 2018 జూన్ నుంచి ఆడవాళ్ళు కారు నడుపుతున్నారు, సంతోషం. పాతిక కిలోమీటర్ల వంతెన దాటి బహ్రెయిన్ వెళ్ళాలన్నా మళ్ళీ ఆ వీసాయే.

వైద్యులం గనుక మాకొక సంగతి తోస్తుంది. ఆపరేషన్‌కు ముందు రోగి చేత సంతకం పెట్టించుకుంటాం. వద్దనే వీలు లేని రోగి సంతకం పెట్టినా దాన్ని సమ్మతి అనం. మరి "మా ఆవిడకు ఇక్కడ సుఖంగానే ఉందండీ" అని ఏ ధైర్యంతో అంటున్నాం? సుఖంగానే ఉండవచ్చు. చాలామంది ఉన్నారు కూడా. అయితే వెళ్ళే దారి మన ఫోనులో ఉన్నంతకాలం ఆ సంగతి మనకు తెలిసేదెలా?

చట్టం మనం రాసింది కాదు. కాని ఇకామా గడువు లోపల మల్టిపుల్ వీసా ముందుగానే తీసి, పాస్‌పోర్టు ఆవిడ బీరువాలోనే ఉంచడం మన చేతిలో పనే. ఈ మాటంటే "ఎందుకండీ, మా ఇంట్లో ఏ గొడవా లేదే" అంటారు మిత్రులు. గొడవ లేనప్పుడే తీయాలి. గొడవ వచ్చాక ఎవరు తీస్తారు?

ఒకటి మాత్రం మా ఆడవాళ్ళను అడగాలని ఉంది. గోపాలరావు గాభరాపడుతున్నంతసేపూ మంచం కింద పడుకుని కమలిని ఏమనుకుందో గురజాడవారు రాయలేదు. నిజంగానే వెళ్ళిపోదామని ఒక్క క్షణమైనా అనుకుని ఉంటుందా?