అంకుశము - దోటి

అంకుశ శబ్దమునకు మూలము వంపును దెలుపు ధాతువు. అంకమనగా కొక్కెము, అంకమనగా ఒడియు. బిడ్డను పొదివికొను వంపునకును, ఏనుగు తలపై నానించు ఇనుప వంపునకును పుట్టిల్లు ఒక్కటే. గ్రీకులు ఓడ లంగరునకు పెట్టుకొన్న పేరును ఈ కుటుంబములోనిదే యని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

మావటివాని అంకుశమునకు రెండు కొనలుండును. నిటారు మొన ముందునకు నడిపించును. వంకర కొక్కెము వెనుకకు లాగి నిలుపును. లోకము మాత్రము నిలుపుటనే గుర్తుంచుకొన్నది. కనుకనే అడ్డు లేనివాడు నిరంకుశుడయ్యెను. ఈ మాట నడచిన దారి వింతయైనది. కవులు నిరంకుశులని సంస్కృతమున నానుడి. వ్యాకరణపు కట్టు దాటిన కవికది మన్నింపు. 16వ శతాబ్దమున కందుకూరి రుద్రకవి తన 'నిరంకుశోపాఖ్యానము'న నాయకునకు ఆ పేరే పెట్టెను. శివునితో జూదమాడి రంభను గెలుచుకొన్న వాడాతడు! నేడు నిరంకుశుడనగా ప్రజల నణచు పాలకుడే. కవికి మన్నింపైన మాట ఏలికకు నిందయైనది. అది న్యాయమే. కవి హద్దు మీరినచో నలుగునది వ్యాకరణము. ఏలిక మీరినచో నలుగునది ప్రజ.

12వ శతాబ్దమున బసవేశ్వరుడు ఒక వచనమున ఏనుగును అంకుశమును, కొండను వజ్రమును, చీకటిని దీపమును జంటలుగా జెప్పి, వాని సరసన మఱపును, దైవమును దలచు మనస్సును నిలిపెను. పెద్దదానికి చిన్నది లొంగదను భావము అందఱకును దెలిసినదే. అంతగా గమనింపబడనిది మఱియొకటి కలదు. అచట ఏనుగైనవాడును, అంకుశము పట్టినవాడును ఒక్కడే. మఱచునది తన మనస్సే, తలచునదియు తన మనస్సే. పొరుగువాని తలపై మోపు అంకుశము ప్రసక్తి అందు లేదు. 'నేటి పిల్లలకు అంకుశము లేద'ని వాపోవు పెద్దలు ఈ వచనమును తమకు సాక్ష్యముగా దెచ్చుకొనుట పొసగదు.

అయినను పిల్లలను వంచక తప్పని వేళలుండును గదా యందురేమో. అందులకు ద్రావిడ భాషలలోని వేఱొక మాట చూడదగినది. తమిళ మలయాళములలో 'తోట్టి' యనగా ఏనుగు అంకుశము. అదే మాట కన్నడమునను తెలుగునను 'దోటి'యై, చెట్టుకొమ్మ నందుకొని కాయ గోయు పొడుగు కఱ్ఱకు పేరయ్యెను. పెరటి గోడకు జేరవేసియుంచు, కొనకు కొక్కెము గట్టిన వెదురుకఱ్ఱయే అది. మునగచెట్టు క్రింద దానిని పట్టిన యిల్లాలు కొక్కెమును కొమ్మకు తగిలించి మెల్లగా దింపుకొనును గాని గుంజదు. మునగకొమ్మ పెళుసు, గుంజినచో కాడలతోపాటు కొమ్మయు నేలకు వచ్చును.